మారకము - మాతృభాష

గడచిన ఉగాదినాటి సాయంకాలము పంచాంగ శ్రవణము ముగిసి, పులిహోర పంచిపెట్టుచున్న సమయమున, మన సంఘమునకు చెందిన నలుగురు యువకులు నన్నొక మూలకు పిలిచి మడచిన కాగితమొకటి చేతికిచ్చిరి. అది హైదరాబాదు క్రికెట్ జట్టు యజమానులకు ఉద్దేశింపబడిన అర్జీ. క్రింద ముప్పదికి పైగా సంతకములున్నవి. వానిలో రెండు నా దాయాదుల పిల్లలవి. ఆ చేవ్రాలు నాకు బాగుగా తెలియును, వారికి అక్షరములు దిద్దించినవాడను నేనే. కార్యవర్గ సభ్యుడనైన నేనును సంతకము చేసి, సంఘ ముద్ర వేయించి పంపవలెనని వారి కోరిక.

అర్జీ సారాంశమిది. ఇండియన్ ప్రీమియర్ లీగు పోటీలలో హైదరాబాదు పేరు మోయుచున్న జట్టు తెలుగువారి జట్టు. తిలక్ వర్మ హైదరాబాదులో పుట్టి పెరిగిన బిడ్డ. అతడు 2022 నుండి ముంబయి పక్షమున ఆడుచుండుట తెలుగు జాతికి చిన్నతనము. కావున అభిషేక్ శర్మను ముంబయికిచ్చి, మారకముగా తిలక్ వర్మను తెచ్చుకొనవలెను. పంజాబువాడు ఎక్కడికైన పోవుగాక, తెలుగువాడు తెలుగు గూటికి రావలెను.

దీనిని పిల్లల ముచ్చటగా త్రోసివేయుటకు నాకు మనసొప్పలేదు. వ్రాసిన పిల్లలు తెలివిగలవారు. లెక్కలు శ్రద్ధగా కూర్చినారు. తెలుగుపై వారికి గల ప్రేమను శంకించువాడను కాను. కాని ఆ కాగితమును ఇంటికి కొనిపోయి రెండుమారులు చదివిన పిమ్మట సంతకము చేయరాదని నిశ్చయించుకొంటిని. నోటితో చెప్పిన మాట వాదమున గాలికి పోవును గనుక, నా కారణములను ఈ సంచికలో అచ్చున పెట్టుచున్నాను. వారును ఇట్లే అచ్చున బదులు చెప్పుదురుగాక.

మొదట మారకమును మారకముగానే చూతము. భాష మాట తరువాత.

మన పావగడ ప్రాంతమున వేరుసెనగ కాయ అమ్మని రైతు లేడు. బస్తా తూకము చూచి ధర చెప్పు వర్తకుడు ఎక్కడనైన ఉన్నాడా? లేడు. గుప్పెడు కాయ తీసి, చేతనే ఒలిచి, పొట్టు ఊది, గింజ ఎంత దిగినదో చూచి, గింజలో ముడుత లెన్ని, పుచ్చు లెన్ని అని లెక్కించి, అప్పుడు నోరు విప్పును. వానలు వెనుకబట్టిన యేడు కాయ నిండుగా కనబడియు లోపల గింజ సన్నగిల్లియుండును. ఈ సంగతి మన యిండ్లలోని పదియేండ్ల పిల్లకైన తెలియును. ఆటగాండ్ర మారకమున మాత్రము మనవారు బస్తాను పైనుండి చూచి బేరము చేయుచున్నారు.

2025 పోటీలకు ముందు హైదరాబాదు జట్టు అభిషేక్ శర్మను 14 కోట్ల రూపాయలకు నిలుపుకొనెను. ముంబయి జట్టు తిలక్ వర్మను 8 కోట్లకు నిలుపుకొనెను. మన అర్జీదారులు ఈ అంకెలను ఉదహరించి, “ఆరు కోట్లు మిగులును గదా” అని వ్రాసిరి. నిజమే, ప్రతి జట్టునకును వ్యయమునకొక హద్దు కలదు. 2025 నాటి వేలమునకు అది 120 కోట్లు. మిగిలిన ఆరు కోట్లతో మరియొకనిని కొనవచ్చును. కాని ఇచ్చివేయుచున్నదేమి? అభిషేక్ ఆటను ఆరంభించువాడు. మొదటి ఆరు ఓవర్లలో, క్షేత్రరక్షకులు దూరముగా నిలువరాని వేళ, బంతిని గాలిలో కొట్టు ధైర్యము అతని సొత్తు. 2024లో అతడు 484 పరుగులు చేసినది నూరు బంతులకు రెండు వందలకు పైబడిన వేగమున. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్ మైదానమున పంజాబు జట్టుపై 55 బంతులలో 141 పరుగులు చేసెను. ఈ పోటీలలో భారతీయుడొకడు చేసిన పరుగులలో అప్పటికి అదియే అత్యధికము. తిలక్ వర్మ అట్టివాడు కాడు, తక్కువవాడును కాడు. అతడు నడుమ నిలిచి ఆటను కాపాడువాడు. 2025 సెప్టెంబరు 28న దుబాయిలో ఆసియా కప్పు తుది పోటీలో వికెట్లు కూలుచుండగా తుదివరకు నిలిచి 69 పరుగులతో గెలిపించినది అతడే. ఆ రాత్రి మన వీధిలో టపాకాయలు కాల్చిన ఇండ్లలో మా యిల్లొకటి.

అనగా వీరిద్దరి పని వేరు. ఒకడు తలుపు బద్దలు కొట్టువాడు, ఒకడు ఇల్లు కావలికాయువాడు. హైదరాబాదునకు నడుమ కావలికాయువాడు కావలెనని ఎవడైన వాదించినచో వినుటకు నేను సిద్ధముగా ఉన్నాను. బహుశః ఒప్పుకొందును కూడ. కాని దానికై తలుపు కొట్టువానిని ఇచ్చివేసి, ఆ చోట ఎవరిని నిలుపుదురో చెప్పవలదా? అర్జీలో ఆ మాటకు ఒక్క పంక్తియైన లేదు. ఇంకొకటి. ఈ పోటీల నిబంధనల ప్రకారము ఆటగాని సమ్మతి లేనిదే మారకము జరుగదు. పందొమ్మిదేండ్ల కుర్రవాడుగా ఉన్నప్పుడు 1 కోటి 70 లక్షలకు కొని, మొదటి యేటనే ప్రతి ఆటలో నిలువనిచ్చి, 397 పరుగులు చేయుటకు అవకాశమిచ్చిన జట్టును విడిచిపోవుటకు తిలక్ వర్మకు ఇష్టమున్నదా అని మనవారెవరును అడుగలేదు. పెండ్లిచూపులలో పిల్లను అడుగని కాలము పోయినదని సభలలో ఉపన్యసించువారు ఈ ఒక్కచోట మరచిరి.

ఇచ్చిపుచ్చుకొనుటలో హైదరాబాదునకు పాత అనుభవము కలదు. అది మన పిల్లలకు తెలియును గాని దాని అర్థము తెలిసికొనలేదని నా తలంపు.

2018 చివర హైదరాబాదు జట్టు శిఖర్ ధావన్ ను ఢిల్లీకిచ్చి, మారకముగా ముగ్గురిని తీసికొనెను. ధావన్ ధర 5 కోట్ల 20 లక్షలు. వచ్చినవారిలో విజయ్ శంకర్ ధర 3 కోట్ల 20 లక్షలు. షాబాజ్ నదీమ్ ధర అంతియే. మూడవవాడు కేవలము 55 లక్షల ఖరీదుగల పదునెనిమిదేండ్ల పిల్లవాడు. బస్తాను పైనుండి చూచినవారు అప్పుడేమనిరో నాకు జ్ఞాపకమున్నది. బస్సు నిలయము వద్ద కాఫీ త్రాగుచు ఒక పెద్దమనిషి, “ఏనుగును ఇచ్చి మూడు మేకలను తోలుకొని వచ్చినారు” అని నవ్వినాడు. నేనును నవ్వితిని, ఆ నవ్వునకు ఇప్పుడు నేను చింతించుచున్నాను.

తరువాతి మూడేండ్లు ఆ పెద్దమనిషి మాటయే నిజమైనట్లు తోచెను. ధావన్ ఢిల్లీ పక్షమున 2019లో 521, 2020లో 618, 2021లో 587 పరుగులు చేసెను. 2020లో వెంటవెంట రెండు శతకములు సాధించెను. ఆ యేడు ఢిల్లీ తుది పోటీ వరకు పోయినది. విజయ్ శంకర్, నదీములు హైదరాబాదునకు చేసిన మేలు స్వల్పము. తూకము వేసినవారు మోసపోయిరని లోకమంతయు తీర్పు చెప్పినది. ఆ మూడవ మేక సంగతి ఎవరును తలపెట్టలేదు. ఆ మూడవవాడే అభిషేక్ శర్మ! నేడు మన అర్జీదారులు ఎవనిని ఇచ్చివేయుడని వ్రాసిరో అతడే.

ఇచట న్యాయముగా ఒక మాట చెప్పవలెను. 2022 పెద్ద వేలమునకు ముందు హైదరాబాదువారు అతనిని విడిచిపెట్టి, వేలములో మరల 6 కోట్ల 50 లక్షలకు కొనిరి. కనుక 2018 నాటి మారకమున వచ్చిన ఫలమంతయు ఆనాటి తెలివియేనని చెప్పరాదు; మధ్య మరియొకమారు డబ్బు పోసిరి. అయినను ఆ మూడేండ్లు అతనిని చేరదీసి, ఆడించి, ఓపికపట్టి, గింజ నిండువరకు నిలిచిన నేల హైదరాబాదే. తెలుగు అతని తల్లి పలుకు కాదు. కాని ఉప్పల్ లో అతడు బంతిని కొట్టినప్పుడు లేచిన కేకలు ఏ భాషలో ఉన్నవో చెవిగలవారు చెప్పుదురుగాక.

ఇంతవరకు చెప్పినది గింజ లెక్క. ఇది తప్పయినను ఒక పోటీలో ఓడుదుము, అంతే. నన్ను బాధించినది అర్జీలోని రెండవ లెక్క. “తెలుగు జట్టు” అను మాట.

ఈ జట్టు తెలుగువారిదెట్లయినది? హైదరాబాదు పేరుతో మొదట 2008లో వెలసిన డెక్కన్ చార్జర్స్ జట్టు 2012లో రద్దయినది. దాని స్థానమున 2013 నుండి ఆడుచున్న సన్ రైజర్స్ జట్టు చెన్నపట్టణపు సన్ టీవీ సంస్థ సొత్తు. ఆ యజమానులు వ్యాపారులు. వ్యాపారము చేయుట దోషము కాదు. కాని వారి సొమ్మును మన జాతి సొత్తుగా భావించి, దాని లోపలి బేరములను మన మానావమానములుగా తలచుట ఎంత వెర్రి! అట్టి వెర్రికి ఫలమేమో తెలియవలెనన్న కెనడా దేశమునకు పోవలెను.

అచట మంచుపై హాకీ ఆడుదురు. మన హాకీవలె పచ్చికపై కాదు. కాళ్లకు కత్తుల చెప్పులు కట్టుకొని జారుచు ఆడుదురు. ఆ ఆటకు ఆ దేశస్థులు ప్రాణమిత్తురు. ఆటగాండ్ర మారకమును ఒక శాస్త్రముగా చేసినవారును వారే. 1988 ఆగస్టు 9న ఎడ్మంటన్ జట్టు తన వేన్ గ్రెట్జ్ కీని లాస్ ఏంజిలిస్ కు ఇచ్చివేసినప్పుడు దేశమంతయు శోకించినది. ఆ మారకమును ప్రభుత్వము అడ్డుకొనవలెనని పార్లమెంటు సభ్యుడొకడు కోరినాడు. వచ్చినదేమనగా ఇద్దరు ఆటగాండ్రు, కొత్తవారిని ఎంచుకొను మూడు హక్కులు, ఒకటిన్నర కోటి డాలర్ల రొక్కము. రొక్కము మైదానమున దిగి ఆడదు. అది యజమాని పెట్టెలో పడినది. అయినను రెండేండ్లకు, 1990లో, గ్రెట్జ్ కీ లేకయే ఎడ్మంటన్ గెలిచినది. ఇది ప్రసిద్ధమైన కథ. మనకు పనికివచ్చునది మరియొకటి.

క్వెబెక్కు నగరమున ఫ్రెంచి మాటలాడు జనులు నివసింతురు. ఆంగ్లమాడు మహాఖండమున వారొక భాషాల్పసంఖ్యాకులు, మనవంటివారే అందును. వారి జట్టు నోర్డిక్స్. 1991లో ఆ జట్టు ఎరిక్ లిండ్రాస్ అను మహాబలుడైన యువకుని ఎంచుకొన్నది. అతడు ఆంగ్లము మాటలాడువాడు. క్వెబెక్కునకు ఆడనని భీష్మించి ఒక సంవత్సరమంతయు దూరముగా నిలిచినాడు. యజమానియందు తనకు నమ్మకము లేదని అతడు చెప్పుకొన్నను, తమ భాషను తిరస్కరించినాడని అచటి జనులు మండిపడిరి. తుదకు 1992 జూన్ 30న అతనిని ఫిలడెల్ఫియాకు ఇచ్చిరి. మారకముగా వచ్చినవి అరడజను ఆటగాండ్రు, ఎంపిక హక్కులు, ఒకటిన్నర కోటి డాలర్లు. వచ్చినవారిలో పీటర్ ఫోర్స్ బర్గ్ అను స్వీడను కుర్రవాడొకడు. పోయినవాడు గొప్పవాడే, కాని ఛాంపియన్ల కప్పు అతనికి ఎన్నడును దక్కలేదు. వచ్చిన ఫోర్స్ బర్గ్ మేటి ఆటగాడయినాడు. కనుక గింజ లెక్కలో క్వెబెక్కువారు గెలిచిరి. మన ధావన్ కథవంటిదే.

కాని జరిగినదేమి? 1995లో యజమానులు జట్టునే అమ్మివేసిరి. జట్టు మూటముల్లె కట్టుకొని అమెరికాలోని డెన్వరు నగరమునకు పోయినది. మరునాటి యేడు, 1996లో, ఫోర్స్ బర్గ్ తోడుగా కప్పు గెలిచినది. ఫ్రెంచి జనులు ఆగ్రహించి, ఆనందించి, కన్నీరు పెట్టి, తమ భాషగౌరవమని నమ్మిన ఆ జట్టు గెలిచిన కప్పును డెన్వరు వీధులలో ఊరేగించిరి. క్వెబెక్కునకు మిగిలినది ఖాళీ మంచు మైదానము. భాష యజమానిని కట్టివేయలేదు. హైదరాబాదు యజమానులను మాత్రము కట్టివేయునా?

ఇక మన యింటి సంగతికి వత్తును.

పావగడలోని తెలుగు ఇండ్లలో ఈ పోటీలు మొదలైనప్పటి నుండి రెండు పక్షములున్నవి. 2009లో జొహానెస్ బర్గున హైదరాబాదు జట్టు బెంగుళూరును 6 పరుగులతో ఓడించిననాడు మా తమ్ముని యింట అన్న సంతోషించినాడు, చెల్లెలు అన్నము మానినది. 2016 మే 29న బెంగుళూరు చిన్నస్వామి మైదానమున మరల హైదరాబాదే 8 పరుగులతో గెలిచినది. 208కి ఎదురుగా 200 వద్ద ఆగిపోయిన బెంగుళూరు కొరకు దుఃఖించినవారు మన తెలుగు పిల్లలలో సగము. వారు తెలుగు మరచినవారా? కాదు. కాలేజీ చదువు బెంగుళూరులో, ఉద్యోగము బెంగుళూరులో, అన్నము అచటిది. ఆ సంవత్సరము బెంగుళూరు పక్షమున ఆడిన కె. ఎల్. రాహుల్ అంతకు ముందు రెండేండ్లు, 2014, 2015లలో, హైదరాబాదు పక్షమున ఆడినవాడు. మారకపు ద్వారముననే తిరిగి బెంగుళూరు వచ్చినాడు. బెంగుళూరులో పుట్టినవాడు, మంగళూరు ప్రాంతమున పెరిగినవాడు. అదే విధముగా హైదరాబాదు గాలి పీల్చిన మహమ్మద్ సిరాజ్ 2017లో ఒక్క యేడు హైదరాబాదునకు ఆడి, 2018 నుండి 2024 వరకు ఏడు పోటీలు బెంగుళూరునకు ఆడినాడు. కన్నడదేశపు బిడ్డ హైదరాబాదున, హైదరాబాదు బిడ్డ బెంగుళూరున! అప్పుడు మన యువకులలో ఒక్కడైన అర్జీ వ్రాసెనా? సిరాజ్ వికెట్టు తీసినప్పుడు బెంగుళూరు పక్షపు పిల్లలు, “మనవాడే గదా” అనిరి; హైదరాబాదు పక్షపు పిల్లలును, “మనవాడే గదా” అనిరి. ఆ రెండు మాటలును నిజములే. అదియే మన బ్రతుకు.

ఈ మాటను ఇంకను విప్పి చెప్పవలెను, ఏలనగా అర్జీపై సంఘ ముద్ర పడినచో అది ఆటమాటగా మిగులదు.

దేశపటమున పావగడ తాలూకాను చూచితిరా? మూడు ప్రక్కల ఆంధ్రదేశము. పడమట చిత్రదుర్గ జిల్లా నొరసికొని కన్నడదేశమునకు అంటియున్నది. మన జిల్లా కేంద్రమైన తుమకూరునకు మధుగిరి మీదుగా పోవువారు నడుమ ఆంధ్ర నేలను దాటి పోవలెను. ఆ ప్రక్కనే మడకశిర. అది కన్నడదేశములోనికి చొచ్చుకొనిపోయిన ఆంధ్ర తాలూకా. అచట ఇంటింట కన్నడము, ఇచట ఇంటింట తెలుగు. పటమును మొదటిసారి చూచిన పిల్లవాడెవడైన, “వీనిని మార్చుకొనవచ్చును గదా” అనును. రాష్ట్రములు భాషలనుబట్టి విడదీయబడిన దినములలో ఈ మాట ఎన్ని అరుగుల మీద నడచెనో మన తాతలు చెప్పగా వినియున్నాము. “పావగడను అటు ఇచ్చి మడకశిరను ఇటు తెచ్చిన సరిపోవును” అని. అది జరుగలేదు. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రము పెరిగినప్పుడు పావగడ అందే నిలిచినది. 1973లో ఆ రాష్ట్రము కర్ణాటకమయినప్పుడును నిలిచినది. మడకశిర నేటికిని ఆంధ్రలోనే ఉన్నది.

జరుగకపోవుట మేలా కీడా అని ఇప్పుడు వాదింపను. నేను చెప్పునది ఒక్కటి. మనమెవరము? మారకపు మాట వచ్చినప్పుడు త్రాసులో వేయబడి, దిగి, ఉన్నచోటనే ఉండిపోయిన జనులము. “తెలుగువాడు తెలుగు గూటికి పోవలెను” అను సూత్రము మనపై ప్రయోగింపబడినచో, మన పొలములు, మన నాగలమడక తిరునాళ్లు, మన తాతల సమాధులు ఏమి కావలెను? ఇంటిలో తెలుగు, కచేరిలో కన్నడము, బజారులో రెండును మాటలాడుచు, ఇది మా ఊరు అని తలయెత్తి చెప్పుకొనుటకు మనకున్న ఆధారమొక్కటే: మనుష్యుని చోటును అతని మాతృభాష ఒక్కటే నిర్ణయింపదు, అతడు పెరిగిన నేల, చేసిన పని, నిలుపుకొన్న నమ్మకము నిర్ణయించును. ఆ ఆధారమును మన చేతులతో మనమే అర్జీ వ్రాసి ఖండించుకొందుమా?

నాయనలారా, మీ అర్జీలో “పంజాబువాడు ఎక్కడికైన పోవుగాక” అని వ్రాసితిరి. రేపు తుమకూరు కచేరిలో ఉద్యోగమునకు నిలుచున్న మీ వెనుక ఎవడైన, “తెలుగువాడు అనంతపురమునకు పోవుగాక” అన్నచో, మీ నోట సమాధానమేది? నేను ఆ మాట విన్నవాడను. నలుబది యేండ్ల క్రిందట ఒక కచేరిలో, నా కాగితములన్నియు కన్నడముననే సరిగా ఉన్నను, నా యాసను విని ఒక గుమాస్తా ఆ మాటయే అన్నాడు. కోపము వచ్చినది, రాత్రి నిదుర రాలేదు. మరునాడు అతని పైయధికారి, అచ్చమైన కన్నడిగుడు, నన్ను కుర్చీలో కూర్చుండబెట్టి, “ఇవరు నమ్మవరే” అని చెప్పి నా పని చేయించినాడు. ఆ రెండు మాటలు నేను మరువలేదు. అభిషేక్ శర్మను గూర్చి హైదరాబాదువాడు అనవలసినదియు ఆ రెండు మాటలే.

మీ అర్జీలో న్యాయమైన బాధయు కలదు. అది దాచను. తెలుగునాట పుట్టిన మేటి ఆటగాండ్రు హైదరాబాదు పేరుగల జట్టున స్థిరముగా నిలువక ఇతరుల పక్షమున వెలుగుచుండుట చూచి కడుపు కాలుట సహజమే. సిరాజ్ ను ఒక్క యేటికే పోనిచ్చుట నాకును మింగుడుపడలేదు. కాని మందు మారకము కాదు. ముందుగా చూచుట మందు. విశాఖపట్టణపు నితీశ్ కుమార్ రెడ్డిని హైదరాబాదువారు 2023లో 20 లక్షలకు కొనిరి. 2024లో అతడు వర్ధమాన ఆటగాడుగా బహుమానమందినాడు. ఆ యేడు డిసెంబరులో మెల్ బోర్న్ టెస్టులో శతకము చేసినాడు. 2025 పోటీలకు అతనిని 6 కోట్లకు నిలుపుకొనిరి. అతనికై ఎవని బిడ్డను త్రాసులో వేయవలసిన పని పడలేదు. 20 లక్షలనాడు చూచు కన్నులు కావలెనని మీరు అర్జీ వ్రాసినచో నా సంతకము మొదటిది.

హాకీ పిల్లలు నాకొక సంగతి చెప్పిరి, అది కూడ వినుడు. 2024లో పునరుద్ధరింపబడిన హాకీ ఇండియా లీగున హైదరాబాదు తూఫాన్స్ జట్టు 68 లక్షలిచ్చి గొంజాలో పెయ్యాట్ ను కొన్నది. అతడు అర్జెంటీనాలో పుట్టి, ఆ దేశమునకు 2016లో ఒలింపిక్ స్వర్ణము తెచ్చి, తరువాత జర్మనీకి మారి 2023లో ఆ దేశమునకు ప్రపంచ కప్పు తెచ్చినవాడు. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో తుది పోటీలో హైదరాబాదు 3-4 గోల్సుతో బెంగాల్ చేతిలో ఓడినది; ఆ మూడింటిలో ఒకటి అతనిది. అతని మాతృభాష ఏదని మన హాకీ పిల్లలు అడుగలేదు. పెనాల్టీ కార్నరు కొట్టుట వచ్చునా అని అడిగిరి. క్రికెట్ పిల్లలకు లేని జ్ఞానము వారికెచటినుండి వచ్చినదో! బహుశః వారి ఆటకు జనులు తక్కువ, అరుపులు తక్కువ గనుక ఆలోచించుటకు తీరిక ఉన్నది కాబోలు.

మరి మన పావగడ పిల్లవాడొకడు రేపు గొప్పవాడయినాడనుకొందము. అతడు ఆడవలసినది కర్ణాటక క్రికెట్ సంఘపు తుమకూరు మండలము పక్షమున. పైకి వచ్చినచో కర్ణాటక జట్టులో చేరును. ఇంటిలో అమ్మతో తెలుగు మాటలాడును. అతనిని బెంగుళూరు జట్టు కొనినచో, మీ అర్జీ న్యాయము ప్రకారము అతడు పరాయివాడు. హైదరాబాదు కొనినచో, వారికి అతడు కర్ణాటకవాడు. అతనికి ఎచటను గూడు లేకుండ చేసిన న్యాయమును వ్రాసినది పావగడ తెలుగు సంఘము! ఇంతకంటె విడ్డూరము కలదా?

అట్టి పిల్లవాడు రావలెనన్న నేడు చేయవలసిన పని యొకటి కలదు. వేసవిలో మన పిల్లలు చెరువు ఎండిన తరువాత చెరువు నేలపై ఆడుకొనుచున్నారు. వాన పడిన ఆట లేదు. తిరుమణి ప్రాంతమున వేలకొలది ఎకరములలో సౌర విద్యుత్ కేంద్రము వెలసినది. ఆ రైతులు భూమిని అమ్మక కౌలుకిచ్చి, సంవత్సరమునకు ఎకరమునకు 21,000 రూపాయలతో మొదలిడి, రెండేండ్లకొకమారు పెరుగునట్లు ఒప్పందము చేసికొనిరి. మన రైతు ఎంత తెలివిగా బేరము చేయునో చూడుడు: ఫలమునిచ్చినాడు, చెట్టు నిచ్చివేయలేదు. ఆ బేరపు తెలివిలో పదవ వంతు వినియోగించి, సంఘము తాలూకా పంచాయతిని ఒక మట్టి మైదానము, ఒక వల, ఒక నీటి కుళాయి అడిగిన బాగుండును. అట్టి అర్జీ కన్నడములో వ్రాయవలెను. వ్రాయుటకు నేను సిద్ధము.

మీ అర్జీ నా బల్ల సొరుగులో భద్రముగా ఉన్నది. సంతకములు చెరపలేదు. వచ్చే నెల కార్యవర్గ సమావేశమున దానిని నేనే అందరి ముందర చదువుదును, మీ నలుగురును వచ్చి మీ వాదము చెప్పుడు. వోటు పెట్టుదురు. ముద్ర వేయవచ్చునని ఎక్కువమంది అన్నచో, ముద్ర వేసి పంపుడు. నేను అడ్డుపడను, నా పేరు మాత్రము దాని క్రింద ఉండదు. మైదానపు అర్జీని కూడ అదే దినమున తెచ్చుచున్నాను. దానిపై మొదటి సంతకము మీలో ఎవరిది కావలెనో మీరే నిర్ణయించుకొని రండు.